క్యాథరిన్ గట్టిమేళం

అమోసు చనిపోయిన రోజున బ్యాండ్‌లో ఒక మనిషి తక్కువయ్యాడు. ఆ తక్కువైన మనిషి అమోసే.

కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర, చాంపియన్ రీఫ్ కార్మికుల లైన్ ఇళ్లలో ఎవరు పోయినా శవపేటిక ముందు నడుస్తూ శాక్సోఫోన్ ఊదేది ఆయనే. గని నడిచినన్నాళ్లూ షాఫ్టులో పని, ఆదివారం చర్చిలో కీర్తనలు. గని మూతపడ్డాక కీర్తనలొక్కటే మిగిలాయి. ఇప్పుడు ఆయనే పేటికలో పడుకుని ఉంటే, బ్యాండ్ పెద్ద గాడ్విన్ ట్రంపెట్ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర ఎటూ తోచక నిలబడ్డాడు. శాక్సోఫోన్ లేకుండా ఆ బ్యాండ్ ఎప్పుడూ సమాధుల తోటకు వెళ్లలేదు.

అమోసు కూతురు క్యాథరిన్ లోపలికి వెళ్లి, మంచం కింది నుంచి వాయిద్యం తీసి, పట్టీ మెడలో వేసుకుని బయటికి వచ్చింది. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నదే అయినా ఇంటి గోడలు దాటి ఎప్పుడూ ఊదలేదు. తల్లి ఫిలోమినా వద్దనలేదు. వద్దనే ఓపిక ఆ రోజు ఆమెకు లేదు. క్యాథరిన్ ముందు నడిచింది. దారి పొడుగునా ఒక్క స్వరం తప్పలేదు. పేటికను గుంతలోకి దించుతున్నప్పుడు మాత్రం పెదవులు వణికి ఊపిరి జారింది. అప్పుడు గాడ్విన్ ట్రంపెట్ అందుకుని ఆ చరణం తనే ముగించాడు.

ఆ తరవాత చావులకు గాడ్విన్ ఆమెను పిలవడం మొదలుపెట్టాడు. బ్యాండ్‌లో ఆడమనిషి ఆమె ఒక్కతే. మొదట్లో జనం వింతగా చూశారు. తరవాత అలవాటుపడ్డారు.

అప్పటికి క్యాథరిన్ కోలారు దగ్గర నరసాపురంలో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసేది. తెల్లవారుజామున కంపెనీ బస్సు, రోజంతా నిలబడి స్క్రూలు బిగించడం, మళ్లీ బస్సు. ముప్పై దాటినా పెళ్లి కాలేదు. వచ్చిన ఒకటి రెండు సంబంధాలను తనే వద్దనుకుంది. ఒక ఏడాది ఆర్డర్లు తగ్గాయని కంపెనీ కాంట్రాక్టువాళ్లను ఇంటికి పంపేసింది. నెల తిరక్కముందే వేమగల్‌లో ఇంకో ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. అదే పని, అదే జీతం.

క్యాథరిన్ వెళ్లలేదు.

రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు తల్లితో చెప్పింది, ఇంగ స్క్రూలు బిగించను, శాక్సోఫోన్ ఊదే బతుకుతానని. ఫిలోమినా ఇడ్లీ పిండి రుబ్బుతోంది. పొద్దున్నే ఇడ్లీలు పోసి లైన్‌లో అమ్మడం ఆమె పని. గ్రైండర్ ఆపి కూతురి వైపు చూసింది.

"సావుల్ని నమ్ముకోని బతుకుతావామ్మే? ఎవురు పోతారా అని పొద్దున లేచి ఎదురుచూస్తావా?"

ఆ మాట క్యాథరిన్‌కు తగిలింది, ఎందుకంటే అది నిజం. బ్యాండ్‌లో తన వంతు వచ్చేది చిన్న మొత్తం. అది పెరగాలంటే చావులు పెరగాలి. అలాంటి కోరిక పెట్టుకుని ఎవరూ బతకలేరు. బతకాలంటే పెళ్లిళ్లకు ఊదాలి. కోలారు చుట్టుపక్కల ఇప్పుడు ఏ కళ్యాణ మంటపంలో చూసినా నాదస్వరం పక్కన శాక్సోఫోన్ ఉంటోంది. ఆ వాయిద్యం తన దగ్గర ఉంది. ఆ సంగీతం లేదు.

ఆమె వేమగల్ వెళ్లి ఆంజినప్పను కలిసింది. ఆంజినప్ప డోలు వాయిస్తాడు, ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకు మేళం కట్టేది ఆయనే. ఆయన దగ్గరున్న శాక్సోఫోన్ మనిషి బెంగళూరుకు మారిపోయాడని ఎవరో చెబితే విని వెళ్లింది. ఆయన ఆమెను ఇంటి ముందు అరుగు మీద కూర్చోబెట్టి ఊదమన్నాడు. ఆమె తనకు తెలిసిన కీర్తనల్లో బాగా వచ్చినదాన్ని ఊదింది. ఆంజినప్ప చివరిదాకా విని, ఊపిరి బాగుంది కానీ పెళ్లిలో ఇది పనికిరాదన్నాడు. గౌనిపల్లిలో నంజుండప్ప అని పెద్ద నాదస్వర విద్వాంసుడు ఉన్నాడని, ఆయన ఒప్పుకుంటే నేర్చుకుని రమ్మని, అప్పుడు చూద్దామని పంపేశాడు. ఆమె తిరిగి రాదనే ఆయన అనుకున్నాడు.

చాంపియన్ రీఫ్ నుంచి గౌనిపల్లికి మూడు బస్సులు మారాలి. నంజుండప్ప ఇల్లు ఊరి చివర, మామిడి తోపును ఆనుకుని ఉంది. డెబ్భై దాటిన మనిషి. ముందు పళ్లన్నీ ఊడిపోయి నాదస్వరం పట్టడం ఎప్పుడో మానేశాడు. ఆమె వచ్చిన పని విన్నాక ఆయన అడిగింది ఒక్కటే.

"సావులకి ఊదుతావంట గదా?"

"ఊదుతానయ్యా."

ఆయన లేచాడు. తోపులో కోతిని అదిలించి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"మా నాయన ఉండింటే నిన్ను గడప ఎక్కనిచ్చేవాడు కాదు. మాది మంగళవాద్యం. సావింటి దిక్కు తిరిగి కూడా చూసినోళ్లం కాదు. ఇప్పుడు చూస్తే నాకు పండ్లు పోయినాయి. నా కొడుకు ఫ్యాక్టరీలో ఉండాడు, నా మనవడికి సరిగమలు తెలీదు. నా దగ్గరుండేది నాతోనే మట్టిలోకి పోతా ఉండాది. నువ్వన్నా తీసుకోనిపో."

వారానికి రెండుసార్లు ఆమె గౌనిపల్లి వెళ్లేది. ఆయన పాడేవాడు, ఆమె దాన్ని వాయిద్యంలో పలికించాలి. పళ్లు లేని నోటితో ఆయన పాడితే మాట తెలియదు కానీ రాగం తెలిసేది. ఆమె కీర్తనల వేళ్లు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తిన్నగా అడుగు వేసేవి. రాగానికి అది చాలదు. స్వరం ఊగాలి, జారాలి, జారుతూ మధ్యలో ఉన్నదాన్ని తాకి పోవాలి. శాక్సోఫోన్ మీటలు అందుకోసం చేసినవి కావు. దాన్ని పెదవితో, గాలితో, సగం మూసిన వేలితో రాబట్టాలి. కింది పెదవి లోపలివైపు పుండుపడి, మాని, మళ్లీ పుండుపడేది. "మెట్లు దిగినట్టు దిగతా ఉండావు" అని ఆయన ఆపించేవాడు. మళ్లీ పాడేవాడు. విసుగొచ్చి లేచి తోపులోకి వెళ్లిపోయిన రోజులూ ఉన్నాయి. అలాంటప్పుడు ఆమె వెళ్లిపోకుండా, ఆయన వచ్చేదాకా అదే పలుకు ఊదుతూ కూర్చునేది. ఆయన గురుదక్షిణ తీసుకోనన్నాడు. కేజీఎఫ్ బేకరీ నుంచి ఆమె తెచ్చే మెత్తటి కేకు మాత్రం తీసుకునేవాడు.

ఇంటి దగ్గర సాధన చేస్తే లైన్‌లో పక్కింటివాళ్లు గోడ తట్టేవారు. అందుకని సాయంత్రాలు గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ అవతలికి వెళ్లి ఊదేది. గాలి ఎక్కువగా ఉన్న రోజు సన్నటి దుమ్ము నోట పెట్టుకునే రీడుకు పట్టుకుని స్వరం కీచుమనేది. తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టేది. ఆ ఏడాది ఇల్లు గడిచింది ఫిలోమినా ఇడ్లీల మీద. ఆమె ఆ మాట పైకి ఎప్పుడూ అనలేదు కానీ వేమగల్ ఫ్యాక్టరీలో మళ్లీ ఆడవాళ్లను తీసుకుంటున్నారనే సంగతి మాత్రం అప్పుడప్పుడూ చెవిన వేసేది.

మరుసటి ఏడాది మామిడి పూతకొచ్చే కాలంలో నంజుండప్ప ఆమె చేత ఆనందభైరవి రాగం మొదటి నుంచి చివరిదాకా ఊదించుకుని విన్నాడు. బాగుందని అనలేదు. ఆంజినప్పకు ఫోన్ కలపమన్నాడు.

ఆంజినప్ప ఆమెను మేళంలోకి తీసుకున్నాడు. ఒక మాట కూడా చెప్పాడు. చావుల సంగతి పెళ్లివాళ్ల దగ్గర ఎత్తవద్దని. తనంతట తాను ఎత్తనని, ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేనని క్యాథరిన్ అంది. ఎవరు అడుగుతారులే అన్నాడు ఆంజినప్ప.

నిజంగానే చాలా రోజులు ఎవరూ అడగలేదు. ఆ ముహూర్తాల కాలమంతా ఆమె ఆంజినప్ప మేళంతో తిరిగింది. పట్టుచీర, తలలో పూలు, మెడలో శాక్సోఫోన్. ఫ్యాక్టరీలో వచ్చినంత కాకపోయినా దాదాపు అంత వచ్చింది. ఫిలోమినా కొత్త గ్రైండర్ కొనుక్కుంది. మధ్యలో గాడ్విన్ పిలిస్తే చావులకూ వెళ్లేది.

అప్పుడు చిక్కవెంకటప్ప కూతురి పెళ్లి వచ్చింది.

చిక్కవెంకటప్పది శ్రీనివాసపురం దగ్గర పల్లె. పట్టుపురుగులు పెంచి బాగుపడిన రైతు. పెళ్లి కోలారులో పెద్ద మంటపంలో చేస్తున్నాడు. కూతురికి అంతకు ముందొక సంబంధం లగ్నపత్రిక దాకా వచ్చి తప్పిపోయింది. అందుకే ఈసారి ఎక్కడా ఏ లోటూ రాకూడదని ప్రతిదీ తనే చూసుకుంటున్నాడు. పొద్దున వరపూజ అయింది. అమ్మాయిని పీటల మీదికి తీసుకొచ్చారు. ముహూర్తానికి ఇంకా కొంచెం వ్యవధి ఉండగా, కేజీఎఫ్ నుంచి వచ్చిన చుట్టమొకాయన చిక్కవెంకటప్పను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. చిక్కవెంకటప్ప వేదిక మీదికి వచ్చి క్యాథరిన్ ముందు వంగి, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా అడిగాడు.

"అమ్మా, కేజీఎఫ్‌లో శవాల ముందర ఊదేది నువ్వేనా?"

"అవునప్పా, నేనే."

ఆయన ముఖంలో కోపం రాలేదు, భయం వచ్చింది. చేతులు జోడించాడు. "నీమింద నాకు కోపం లేదమ్మా. నా బిడ్డ పెండ్లి ఇది. దిగమ్మా."

క్యాథరిన్ ఆంజినప్ప వైపు చూసింది. ఆయన తల వంచుకుని డోలు పట్టీ సరిచేసుకుంటున్నాడు. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, అందరూ చూస్తుండగా వేదిక దిగింది.

సామాన్లు వెనక గదిలో ఉన్నాయి. కొబ్బరికాయల గుట్ట, బియ్యం మూటలు, ఖాళీ పూలబుట్టలు. ఒక మూట మీద ముసలామె ఒకతె కూర్చుని ఉంది. బోసి నుదురు, మంచి చీర, కుడి చెయ్యి పిడికిలి బిగించి ఒళ్లో పెట్టుకుంది. క్యాథరిన్ వాయిద్యం విప్పబోతుంటే, ఎందుకు వచ్చేశావని అడిగింది. క్యాథరిన్ ఉన్నది చెప్పింది. ముసలామె తల ఊపి, పక్కన ఇంకో మూట చూపించింది.

"కూర్చో. నన్నూ ఈడే ఉండమన్నారు."

ఆమె చిక్కమ్మ, చిక్కవెంకటప్ప తల్లి. పెళ్లికూతురి నాయనమ్మ. పిల్ల తల్లి పొలం పనుల్లో ఉంటే ఆ పిల్లను ఎత్తుకుని పెంచింది తనేనని చెప్పింది. మొగుడు పోయినామె తాళి కట్టే వేళ ఎదురుగా ఉండకూడదు.

"నా కొడుకు చెప్పలేదు. నేనే వచ్చి కూర్చున్నాను. వాని నోట చెప్పించుకునేది ఎందుకని."

క్యాథరిన్ ఆ మూట మీద కూర్చుంది. హాల్లో నుంచి నాదస్వరం ఒక్కటే వినపడుతోంది. ఊదే ఆయన పెద్దవాడు. పెద్ద స్వరాలన్నీ శాక్సోఫోన్ చూసుకుంటుందనే ధైర్యంతో వచ్చినవాడు. ఇప్పుడు ఒంటరిగా మోయలేక మధ్యమధ్య ఆగుతున్నాడు. ఆ ఆగిన చోటల్లా హాల్లో మాటలు, పిల్లల ఏడుపు, కుర్చీలు జరిపే చప్పుడు పైకి వస్తున్నాయి. గట్టిమేళం ఉండేది అందుకే. తాళి కట్టే క్షణంలో తుమ్ము, ఏడుపు, చెడ్డమాట ఏదీ వధూవరుల చెవిన పడకూడదు.

చిక్కమ్మ కూడా వింటోంది. ఆమె ముఖం బిగుసుకుంది. "నువ్వు ఈడికి దేనికొచ్చినావు?" అని అడిగింది.

"ఊదేదానికమ్మా."

"అయితే ఊదు."

మీ అబ్బాయి దిగమన్నాడు కదా అంది క్యాథరిన్.

"ఆ పొద్దు వాని పెండ్లికి మేళం కుదిర్చింది కూడా నేనే. ఎవురన్నా అడిగితే నా పేరు చెప్పు. నా మనవరాలి పెండ్లిలో ఏడుపు వినపడకూడదు. ఊదమ్మా."

హాల్లో పురోహితుడు చెయ్యి పైకెత్తి గట్టిమేళం అన్నాడు. క్యాథరిన్ లేచింది. వెనక గది తలుపు హాలు పక్కకే తెరుచుకుంటుంది. ఆమె గడప దాటలేదు. గడపకు ఇవతలే నిలబడి, కళ్లు మూసుకుని, ఛాతీ నిండా గాలి తీసుకుంది. ఆ క్షణంలో ఆమెకు చిక్కవెంకటప్ప మీద కోపం లేదు, ఎవరికీ ఏదో చూపించాలన్న పంతమూ లేదు. ఊపిరి చివరిదాకా సరిపోవాలి, అంతే.

శాక్సోఫోన్ ఒక్కసారిగా హాలంతా నిండింది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియక జనం తలలు తిప్పారు. వేదిక మీద ఆంజినప్ప తల ఎత్తాడు. ఒక్క దెబ్బ తడబడి, వెంటనే పుల్లను పైకి లేపి డోలును ఆ స్వరానికి అందించాడు. నాదస్వరం ఆయనా ఊపిరి పుంజుకుని కలిశాడు. చిక్కవెంకటప్ప రెండడుగులు వెనక గది వైపు వేసి ఆగిపోయాడు. తాళి కడుతుండగా మేళం ఆపితే అంతకు మించిన అపశకునం లేదు. అది ఆయనకు తెలుసు.

చిక్కమ్మ లేచి క్యాథరిన్ వెనకగా తలుపు దగ్గరికి వచ్చింది. పొద్దుటి నుంచి పిడికిట్లో పట్టుకున్న అక్షతలు హాలు వైపు విసిరింది. ముసలి చెయ్యి, అంత దూరం పోలేదు. చాలావరకు గడప దగ్గరే రాలాయి. ఆమె వాటిని చూడలేదు. మనవరాలినే చూస్తోంది.

మేళం అయ్యాక చిక్కవెంకటప్ప వెనక గదికి వచ్చాడు. గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

భోజనాలయ్యాక ఆంజినప్ప ఆమె వంతు ఏమీ తగ్గించకుండా ఇచ్చాడు. ఇచ్చి, ఇంగ నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నానని, వాటికి ఆమెను పిలవలేనని చెప్పాడు. ఈ కబురు రేపటికల్లా తాలూకా అంతా పోతుందన్నాడు.

"కాదని ఉంటే సరిపోయేది గదమ్మా" అన్నాడు చివరికి.

"కాదంటే మా నాయన్ను కాదన్నట్టేనన్నా" అంది క్యాథరిన్.

తరవాతి నెలలు కష్టంగా గడిచాయి. పెళ్లిళ్లు లేవు. ఫిలోమినా ఒకరోజు, కొన్నాళ్లు చావులకు పోవడం ఆపు, జనం మరిచిపోతారు, అంది. ఆ మాట చెప్పమని గాడ్విన్‌తో కూడా అంది. గాడ్విన్ ఇంటికి వచ్చి, నా గురించి ఆలోచించకు చెల్లీ, నేను ఇంకెవరినైనా చూసుకుంటాను అన్నాడు. క్యాథరిన్ ఇద్దరి మాటా విన్నది. మనిషిని సాగనంపడం తప్పు పనైతే తండ్రి జీవితమంతా తప్పు పని చేసినట్టేనని, దాన్ని దాచుకుని తను పెళ్లిళ్లలో కూర్చోలేనని చెప్పింది. మరునాడే రాబర్ట్‌సన్‌పేటలో కార్డులు అచ్చు వేయించింది. పేరు, ఫోన్ నంబరు, కింద పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, చర్చి పండుగలు, అంతిమయాత్రలు. అచ్చు కొట్టువాడు చివరి మాట నిజంగానే వేయాలా అని రెండుసార్లు అడిగాడు. వేయమంది.

ఆ కార్డులు పట్టుకుని మంటపాల మేనేజర్ల దగ్గరికి, పురోహితుల దగ్గరికి, చర్చిలకు తిరిగింది. కొందరు తీసుకుని సొరుగులో పడేశారు. కోలారులో ఒక మేనేజర్ చదివి, వెంటనే రెండు వేళ్లతో పట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. ఆమె థాంక్స్ చెప్పి తీసుకుంది, దాన్నే ఇంకో మంటపంలో ఇచ్చింది. గౌనిపల్లి వెళ్లడం మానలేదు. నంజుండప్ప కోలారు సంగతి విన్నాడు కానీ ఎత్తలేదు. కొత్త రాగం మొదలుపెట్టాడు.

కొన్ని వారాలకు ఫోన్ వచ్చింది. చేసింది ప్రేమ అనే ఆమె. గౌనిపల్లిలో పాడి ఆవులు పెట్టుకుని బతుకుతోంది. చిక్కమ్మ చెల్లెలి కూతురు. కొడుక్కి పెళ్లి కుదిరిందని, మేళానికి క్యాథరిన్‌నే పిలవమని పెద్దమ్మ చెప్పిందని అంది. క్యాథరిన్ మరునాడే వెళ్లి, కార్డు చేతిలో పెట్టి, అడగకముందే తనే చెప్పింది.

"సావులకీ ఊదుతానమ్మా. ముందే చెప్తా ఉండాను."

ప్రేమ పశువుల కొట్టంలో ఉంది. చేతులు కడుక్కుని కార్డు అందుకుంది.

"నా మొగుడు పోయినపొద్దు ఆవులు ఊరుకుంటాయా? లోపల శవం ఉండాది, నేను ఈడ పాలు పితికినాను. ఆ పాలు డైరీకి పోయినాయి. యా పెండ్లికి పోయినాయో, యా గుడికి పోయినాయో ఎవురూ అడగలా." కార్డును రవికెలో దోపుకుంది. "నా కొడుకు పెండ్లి నేనే ముందుండి చేస్తాను. ఎదురుగా రాకూడదనేవాళ్లు రావద్దని చెప్పేసినాను. నువ్వు ఎంత తీసుకుంటావో చెప్పు."

క్యాథరిన్ ఆంజినప్ప మేళం తీసుకునేంత చెప్పింది. ఆడమనిషివి, కొత్తదానివి, కొంచెం తగ్గించమంది ప్రేమ. పని ఒకటే అయినప్పుడు రేటూ ఒకటే అని క్యాథరిన్ కదల్లేదు. ప్రేమ నవ్వి, పాల రేటు దగ్గర తనూ అంతేనని ఒప్పుకుంది.

ఒప్పుకున్నాక అసలు చిక్కు వచ్చింది. డోలు లేదు. ఆంజినప్పను అడిగితే ఆ రోజు వేరే పెళ్లి ఉందన్నాడు. ఆయన దగ్గర రెండో డోలు వాయించే బచ్చప్పను అడిగింది. బచ్చప్ప భయస్తుడు. ఆంజినప్ప పని మాన్పిస్తే ఎలా అని వారం రోజులు తేల్చలేదు. ఆమె మూడుసార్లు వాళ్లింటికి వెళ్లింది. మూడోసారి బచ్చప్ప భార్యే, ఎన్నాళ్లు రెండో డోలుగా ఉంటావు, వెళ్లమంది. సాధన నంజుండప్ప ఇంట్లో జరిగింది. ఆయన పీట మీద కూర్చుని తొడ మీద తాళం వేస్తూ ఇద్దరినీ తిట్టాడు.

పెళ్లి ప్రేమ ఇంటి ముందు పందిట్లో. ఆ పొద్దున ముఖం కడుక్కుంటుంటే గాడ్విన్ ఫోన్ చేశాడు. ఉరిగాంలో ఒక పాత గని కార్మికుడు పోయాడు, సాయంత్రం సమాధి. రాలేకపోతే ఫరవాలేదన్నాడు. వస్తానంది క్యాథరిన్.

ముహూర్తానికి ప్రేమ కొడుకు పక్కనే నిలబడింది. ఆమె వెనక, ముందు వరసలో చిక్కమ్మ. ఊరివాళ్లు కొందరు రాలేదు. వచ్చినవాళ్లు మాత్రం కదలకుండా కూర్చున్నారు. బచ్చప్ప మొదట్లో చెమటలు కక్కాడు. గట్టిమేళం వచ్చేసరికి అతని చేతులు తమంతట తామే పరుగెత్తాయి. క్యాథరిన్ పెదవి పాత పుండు దగ్గర మళ్లీ చిట్లింది. ఆపలేదు. మంగళం ఊది దించేసరికి రీడు మీద రక్తం చుక్క ఉంది.

భోజనానికి కూర్చోమంటే, చావు ఒకటుంది, వెళ్లాలని అందరి ముందే చెప్పింది. ప్రేమ లోపలికి వెళ్లి బొబ్బట్లు, పులిహోర డబ్బాలో కట్టి తెచ్చి చేతికిచ్చింది. "ఆకలితో ఊదద్దు" అంది.

బస్సులో క్యాథరిన్ తలలో పూలు తీసి డబ్బా మీద పెట్టుకుంది. రీడు మార్చింది. ఉరిగాం చేరేసరికి జనం బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు. పట్టుచీర మీదే బ్యాండ్‌వాళ్ల తెల్ల కోటు తొడుక్కుని గాడ్విన్ పక్కన నిలబడింది. పొద్దున ఊదిన పెదవులతోనే కీర్తన ఎత్తుకుంది. పోయినాయన భార్య గుమ్మం నుంచి తోట దాకా ఆ స్వరం వెంటే నడిచింది. తరవాత వచ్చి క్యాథరిన్ చెయ్యి పట్టుకుని, నా మొగుడికి మంచి దారి చూపించావమ్మా అంది.

గౌనిపల్లి పెళ్లి సంగతి అందరికీ తెలిసింది. దానివల్ల కొన్ని పెళ్లిళ్లు పోయాయి, కొన్ని వచ్చాయి. రెండో పెళ్లి చేసుకుంటున్న ఒక టీచరు పిలిచింది. వేరే వేరే మతాల అమ్మాయి అబ్బాయి పెళ్లికి రెండు రకాలూ ఊదేవాళ్లు కావాలని బంగారుపేట నుంచి ఒకరు పిలిచారు. తరవాత ఏ కారణమూ లేకుండా, ఊరికే బాగా ఊదుతుందని విని పిలిచినవాళ్లూ ఉన్నారు. బచ్చప్ప పూర్తిగా ఆమెతోనే ఉండిపోయాడు. కేజీఎఫ్‌లో ఇద్దరు ఆడపిల్లలు ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె దగ్గర నేర్చుకోవడానికి వస్తున్నారు. జీతం లాంటి రాబడి కాదు అది. ఒక నెల నిండుగా, ఒక నెల పలచగా. కానీ ఫిలోమినా ఫ్యాక్టరీల మాట ఎత్తడం మానేసింది.

మొన్న ఆంజినప్ప చాంపియన్ రీఫ్‌కు వచ్చాడు. లైన్ ఇళ్ల మధ్య ఇల్లు అడుగుతూ అడుగుతూ చేరాడు. ఫిలోమినా కుర్చీ వేసి టీ ఇచ్చింది. ఆయన కాసేపు బచ్చప్ప క్షేమం అడిగి, తరవాత వచ్చిన పని చెప్పాడు. మాలూరు వైపు ఒక పెద్ద పెళ్లి. పెళ్లివాళ్లు మంచి శాక్సోఫోన్ కావాలంటున్నారు. తన దగ్గర ఇప్పుడున్న మనిషి ఆనందభైరవి ఎత్తలేడు.

"పాత సంగతి వాళ్లకు తెలీదులేమ్మా" అన్నాడు.

క్యాథరిన్ లోపలికి వెళ్లి ఒక కార్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది వాళ్లకి ఇచ్చి, చదివినాక కూడా రమ్మంటే వస్తానన్నా. వచ్చేటప్పుడు బచ్చప్ప కూడా వస్తాడు. రెండో డోలు కాదు, మీ పక్కన సమానంగా."

ఆంజినప్ప కార్డు పై నుంచి కింద దాకా చదివాడు. చివరి మాట దగ్గర చూపు ఆగింది. టీ చల్లారుతోంది. ఆమె తొందరపెట్టలేదు. బయట నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల గుమ్మంలో చెప్పులు విడుస్తోంది.

ఆయన ఫోన్ తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, మాలూరు నంబరు వెతికాడు. అవతల ఎత్తగానే నమస్కారం చెప్పి, గొంతు సవరించుకుని, కార్డు మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టాడు.